బుగ్గలాయన ఊపిరి

గాజు ఊదేవాళ్ళ వీధిలో నేను అద్దెకున్న గది కిందే బుగ్గలాయన ఇల్లు. ఆ పేరు తోటి పనివాళ్ళు పెట్టింది. ఇనప గొట్టం చివర ఎర్రగా వేలాడే గాజు ముద్దను సీసాగా ఊదుతుంటే ఆయన బుగ్గలు బంతుల్లా ఉబ్బేవి. కొత్తగా చేరినవాళ్ళు అదేదో పనితనమనుకుని తామూ ఉబ్బించి చూసేవాళ్ళు. వయసులో ఉండగా ఆయన బుగ్గలు ఉబ్బేవి కావని ఎవరికీ గుర్తులేదు.

ఎదురుగా సీసా అచ్చు పట్టుకునేది ఆయన బావమరిది. వాడి నోటికి తాళం లేదు.

"ఏంటి బావా, మా అక్క పొద్దున పెట్టింది ఇంకా మింగలేదా?"

"నీ కంటపడకుండా దాచుకున్నా. అచ్చు తిన్నగా పట్టరా, వంకర మొహమా!"

ఆ మాత్రం మాటకే ఆయన గొట్టం గోడకానించి కాసేపు నిలబడిపోయేవాడు. కొలిమి వేడి అనుకునేవాళ్ళం.

నాలుగు మెట్లెక్కి కూలబడిన రోజున భార్య పోరి పోరి డాక్టరమ్మ దగ్గరికి పంపింది. తోడు వెళ్ళిన బావమరిదే తర్వాత నాకంతా చెప్పాడు. ఆవిడ అగ్గిపుల్ల గీసి జానెడు దూరంలో పట్టుకుందట.

"నోరు బాగా తెరిచి దీన్ని ఆర్పండి. పెదాలు ముడవకూడదు."

"అమ్మా, కాగితాలు తీసి పక్కన పెట్టుకోండి. మా బావ ఊదాడంటే వీధిలో ఏరుకోవాలి!"

మంట కాస్త వణికింది. ఆరలేదు. పుల్ల ఆవిడ వేళ్ళదాకా కాలింది. రెండోదీ అంతే.

"మూతి ముడవనివ్వండమ్మా, గదంతా ఊపేస్తాను."

"మూతి ముడిస్తే ఊదేది బుగ్గలండీ. నేను చూడాల్సింది ఊపిరితిత్తుల్ని."

దేశాలు తిరుగుతూ దొరికిన పుస్తకమల్లా చదివాను గానీ, నా రొమ్ములో ఏముందో నాకూ అప్పటిదాకా పట్టలేదు. పీల్చిన గాలి ఒక గొట్టంలో దిగి, రెండుగా చీలి, కొమ్మలై రెమ్మలై, చివర ద్రాక్షగుత్తుల్లాంటి బుడగల్లో ఆగుతుంది. బుడగ గోడకు అవతల నెత్తురు. ఆ పలుచటి గోడలోంచే నెత్తురు మంచిగాలి పుచ్చుకుని చెడుగాలి ఇచ్చేస్తుంది. పీల్చడానికి రొమ్ము కింది కండరం కష్టపడాలి. వదలడానికి పెద్దగా శ్రమ అక్కర్లేదు, సాగిన బుడగలు రబ్బరులా వాటంతటవే ముడుచుకుంటాయి. గండం గట్టెక్కితే "ఊపిరి పీల్చుకున్నాం" అంటాం. వదలడాన్ని ఎవరు లెక్కచేస్తారు?

ఆయనకు వచ్చిన చిక్కు ఆ వదలడంలోనే. గొట్టం పట్టకముందు ఏళ్ళ తరబడి ఇసుకపొడి కలిపే పాకలో పనిచేశాడు. మెత్తటి ఆ పొడి ముక్కులో ఆగదు, అట్టడుగుకు పోతుంది. లోపలి గొట్టాల్లో చెత్తను పైకి ఊడ్చే సన్నటి నూగు ఉంటుంది. కొలిమి పొగా, బీడీ పొగా కలిసి దాన్ని పాడుచేశాయి. బుడగలు పట్టు సడలి, వెళ్ళిన గాలి లోపలే చిక్కిపోతోంది. పాతగాలి కదలనిదే కొత్తగాలికి చోటేదీ? రొమ్ములో బలం చాలక, కాస్త కాస్తగా నోట్లో పోగేసి బుగ్గలతో నెట్టేవాడు. మేమంతా నవ్విన ఆ బుగ్గలే జబ్బు.

కొలిమి ఛాయలకు పోవద్దంది డాక్టరమ్మ. ఆయన తనకు తానే ఒక షరతు పెట్టుకున్నాడు: నోరు తెరిచి అగ్గిపుల్ల ఆర్పిన రోజున మళ్ళీ పనికి పోతాడు. ఆ గొట్టం తీసుకోమని యజమాని ఎన్నిసార్లన్నా బావమరిది ముట్టుకోలేదు.

రోజూ సాయంత్రం పొయ్యి వెలిగించే ముందు భార్య పుల్ల గీసి ఆయన ముందు పట్టేది.

"రేపు ఆరుతుందిలెండి," అనేది.

చలి ముదిరేసరికి ఆయన పడుకోలేక గోడకానుకుని కూర్చునే నిద్రపోసాగాడు. పెదాలు నీలం తిరిగాయి. మేడ మీదికి ఆ పిల్లికూతల ఊపిరి వినిపించేది.

ఒక సాయంత్రం పుల్ల ఆరింది. నేను అక్కడే ఉన్నాను. భార్య "ఆరిందండీ!" అని కేక వేసింది. ఆయన మాత్రం మెల్లగా వెనక్కి తిరిగి, భుజం దగ్గర వంగి ఉన్న బావమరిదిని చూశాడు.

"ఉల్లిపాయ తిన్నావురా?"

"లేదు బావా, నేనసలు..."

"నోర్ముయ్. ఊదడం... నాకే నేర్పుతావా?"

వాడు తల దించుకున్నాడు. ఆయన ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"గొట్టం నువ్వే పట్టు. బుగ్గలు ఉబ్బిన రోజున... మానెయ్."

భార్య ఇంకో పుల్ల గీసింది. అలవాటుగా ఆయన వైపు చాపి, చెయ్యి వెనక్కి తీసుకుని, పొయ్యి వెలిగించింది.