మా బావగారి డిస్కుల పరీక్ష

పాటలు ఎక్కించుకునే డిస్కుల అట్టపెట్టె మీద మెరిసే అక్షరాలతో "వందేళ్ళు భద్రం" అని అచ్చువేసి అమ్మేవారి ధైర్యాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ డిస్కులు పుట్టి ఎన్నేళ్ళయిందని వందేళ్ళ సంగతి వీరికి తెలిసింది? ఆ అట్టను కత్తిరించి ఫైల్లో పెట్టాను. నేను కాగితం ముక్కను కూడా పారేసే మనిషిని కాను. ఏ మాటకు ఎవరు జవాబుదారో రేపు తేల్చవలసి రావచ్చు. ఆ అట్ట నాకు దక్కింది మా బావగారి పుణ్యమా అని.

ఆయన మా చెల్లెలి భర్త. ఉద్యోగమంతా బల్బుల కర్మాగారంలో, పరీక్షల గదిలో గడిచింది. తయారైన సరుకులోంచి కొన్ని బల్బులు తీసి, అవి మాడిపోయేదాకా వెలిగించి, ఎంతకాలం నిలిచాయో తేల్చడం ఆయన పని. తోటివారు "అనుమానం మేష్టారు" అనేవారు. ఇంటికి తాళం వేసి లాగి చూస్తారు; వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతారు. కుర్చీలో కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

మా చెల్లెలు ఒకప్పుడు చాలా బాగా పాడేది. పెళ్ళయిన కొత్తలో ఆమె పాటలను ఆయన టేపు మీద రికార్డు చేసి పెట్టారు. తరువాత గొంతులో గడ్డ లేచి శస్త్రచికిత్స జరిగింది. ప్రాణం దక్కింది, పాట పోయింది. మాట మాత్రం గుసగుసగా మిగిలింది. ఆ టేపులను ఆమె మళ్ళీ వినలేదు. ఉద్యోగ విరమణ తరువాత ఒకనాడు ఆమె ఇంట్లో లేనప్పుడు బావగారు ఒక టేపు పెట్టి చూశారు. పాట చక్కగానే వినిపించింది గాని, టేపు నడిచినంత మేరా గోధుమరంగు పొడి రాలింది. పాట దాగి ఉన్నది ఆ పొడిలోనే. అది రాలిపోతోందని తెలిసిన నాటి నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు.

"డిస్కులకి ఎక్కించేయండి, గొడవ వదిలిపోతుంది" అన్నాను.

"ఏ డిస్కుకి బావగారూ?" అన్నారు.

ఇద్దరం కొట్టుకు వెళ్ళాం. కొట్టు యజమాని ఆ వందేళ్ళ పెట్టెను మా ముందు పెట్టాడు.

"గ్యారంటీ ఉంది సార్. పాడైతే కొత్తదిస్తాం."

"కొత్తదంటే? పాటతోనా?" అని అడిగారు బావగారు.

"ఖాళీది సార్. పాట మీరే ఎక్కించుకోవాలి."

"ఆ మాట రాసి సంతకం పెట్టవయ్యా" అన్నాను. పెట్టలేదు.

బావగారు ఆ పెట్టెతోపాటు దొరికిన ప్రతి రకమూ కొన్నారు. టేపుల జోలికి పోకుండా, అన్నింటి మీదా పరీక్షకని వేరే ఏదో ఒకే సరుకు ఎక్కించి, ఒక్కొక్క డిస్కుకు సగం నల్లకాగితం కప్పి, మిగతా సగాన్ని ఎండకు వదిలారు. కిటికీ గట్లూ, డాబా మెట్లూ డిస్కులతో నిండిపోయాయి. మధ్యమధ్య వాటిని కంప్యూటరులో పెట్టి, చదవడంలో తప్పులు ఎన్ని పెరిగాయో చూసుకునేవారు.

"బట్టలారేసుకోడానికి చోటు లేదు, పళ్ళేలు ఆరేశారు" అంది చెల్లెలు. "దేవుడిచ్చిన గొంతే నిలవలేదు. కొట్లో కొన్న పళ్ళెం నిలుస్తుందా?"

"నిలిచేదేదో చూస్తున్నా కదా!"

"చూస్తూనే ఉండండి."

వేసవి అంతా చూశారు. కొన్ని వెలిసి మూగపోయాయి. వందేళ్ళ పెట్టెలోవి మాత్రం చెక్కుచెదరలేదు. అయినా నమ్మకం కుదరక వాటిని స్నానాలగదిలో చెమ్మకు పెట్టారు, పొయ్యి పక్కన వేడికి పెట్టారు. అన్నిటికీ తట్టుకున్నాయి. "దొరికింది బావగారూ!" అని ఫోనులో కేక పెట్టారు. నేను వెళ్ళేసరికి ఖాళీ పెట్టె చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. మంచివని తేలిన డిస్కులన్నీ, ఆఖరు దానితో సహా, మంచివని తేల్చడానికే ఖర్చయిపోయాయి!

వెంటనే అదే పేరు, అదే అట్ట చూసి మరో పెట్టె తెచ్చారు. డిస్కును కంప్యూటరులో పెడితే అది ఎవరు తయారు చేసినదో బయటపడుతుంది. పెట్టెమీద పేరు మారలేదు. లోపల సరుకు మాత్రం వేరే కర్మాగారంది. ఇంతకంటె మోసం ఉంటుందా? ఆ కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాశాను. నకలు నా దగ్గర ఉంది, జవాబు మాత్రం రాలేదు.

బావగారు మళ్ళీ నల్లకాగితం, కత్తెర తీశారు. చెల్లెలు వచ్చి కత్తెర లాక్కుంది.

"వీటినీ ఎండబెడతారా?"

"పెట్టకపోతే ఎలా తెలుస్తుంది?"

"తెలిసేసరికి ఈ పెట్టె కూడా అయిపోతుంది. మళ్ళీ కొట్టుకి పరుగు. ఇంక చాలు, టేపు తీయండి."

"ఇవాళా?"

"ఇవాళే. నేనూ కూర్చుంటా."

టేపు నడిచింది. ఇరవై ఏళ్ళ పిల్ల గొంతు గది నిండా విచ్చుకుంది. చెల్లెలు తిరిగే చక్రాల వైపే చూస్తూ కూర్చుంది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. రెండో పాట చరణంలో గొంతు మసకబారింది, ఒక కీచుశబ్దం వచ్చింది, తరువాత ఏమీ లేదు. కొంతసేపటికి పాట మళ్ళీ అందుకుంది గాని, చరణం మధ్య ముక్క లేదు. బావగారు లేచారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు.

"వేసవికి ముందు ఉంది. నేను విన్నాను. ఇక్కడే ఉంది."

టేపు అయిపోయాక ఆయనే నెమ్మదిగా, "రెండు కొసలూ కలిపేస్తాను. వినేవాళ్ళకి తెలీదు" అన్నారు.

"కలపకండి" అంది చెల్లెలు. "పోయిందని తెలియనివ్వండి."

అలాగే ఉంచారు. ఏ ఒక్క రకాన్నీ నమ్మకుండా, వేరువేరు కర్మాగారాల డిస్కుల మీద నిదానమైన వేగంతో ఎక్కించి, ఒక జత నా బీరువాలో పెట్టించారు. ఏడాదికొకసారి సరిచూడాలట; తప్పులు పెరిగితే కొత్తదానికి ఎక్కించాలట. ఆయన మాత్రం వారానికొకసారి వస్తున్నారు.

"ఎండ తగల్లేదు కదా?"

"బీరువాలో ఎండెక్కడిది బావగారూ?"

"తలుపు తీసినప్పుడు?"

మొన్న ఆయన లోపల డిస్కులు సరిచూస్తుండగా చెల్లెలు నా పక్కన కూర్చుంది.

"ఇంట్లో రోజూ పెట్టుకుని వింటున్నారన్నయ్యా" అంది ఆ గుసగుస గొంతుతో. "పాటంతా వదిలేసి, ఆ ఊడిపోయిన చోటే."