కారవాన్‌లో కుంపటి

నేను పనిచేసే అరబ్బు దేశంలో, జహ్రా ఊరికి పోయే బస్సులో వెనక సీటాయనది మా కడప యాసే. నాకు మాటలు ఆగలేదు. చలికాలం యజమానులు ఎడారిలో వేసుకునే క్యాంపులో నేనూ, మేం మామా అని పిలిచే మా యజమానురాలి చిన్నకూతురూ పడుకునే కారవాన్‌లో, అంటే చక్రాల మీది చిన్న గదిలో, హీటరు చాలడం లేదని, ఆ రాత్రికి బొగ్గుల కుంపటి కూడా పెట్టానని చెప్పాను. బొగ్గుల సంచి మీద ఏదో రాసుంది. నాకప్పుడు చదువు రాదు.

"కిటికీ తెరిచి పెట్టినావా?"

"టేపేసినానన్నా. సూదంత గాలి రాదు."

ఆయన నవ్వలేదు.

"కుంపటి బయట పెట్టమ్మా. మూసిన గదిలో ఆ బొగ్గుల గాలి విషం, వాసన రాదు. మా చెల్లెలు ఈ దేశంలోనే వఫ్రా ఊర్లో అట్లే మూసుకొని పండుకుండె. తెల్లారి లేయలేదు."

తన స్టాపులో దిగిపోయాడు. ఆయన పేరు నేనడగలేదు.

ఆ సాయంత్రమే కుంపటి బయటపెట్టి టేపు పీకేశాను. తెల్లవారుజామున పాప చలికి గట్టిగా ఏడ్చింది. జలుబు చేయించావని మామా తిట్టింది. పాప ముక్కు తుడుస్తూ వింటూ నిలబడ్డాను.