నా బదులు ఎవరొస్తారు

మాది పావగడలో కిరాణా అంగడి. గిరాకీ అడిగేది ఒకటి, అతనికి కావలసింది ఇంకొకటి, ఆ రెండోది కనుక్కున్నవాడే వ్యాపారి అనేవాడు మా నాయన. ప్రోగ్రాములు రాసే పనిలో పడి నేను ఆ మాట మరిచిపోయాను.

తిరుమణి సోలార్ పార్కులో పలకలు కడిగే ఆడవాళ్ల హాజరుకు ఫోన్‌లో యాప్ కావాలన్నాడు అక్కడి మేస్త్రీ. మూడు వారాలు పడుతుందన్నాను. అందులో ఒక వారం బేరంలో తగ్గించుకోవడానికి కలిపింది.

ఆయన నవ్వి ఫోన్ చూపించాడు. “టీ తాగేలోగా ఏఐ రాసిచ్చినాదప్పా. నువ్వింక వేరే పని చూసుకో.”

చూశాను. నేను రాసేదానికన్నా శుభ్రంగా ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఎదురంగడి సరుకును పొగిడే అలవాటు మా వంశంలో లేదు.

పని పోయిందని ఒప్పుకోబుద్ధి కాక మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాను. వరుసలో మొదటి ఆమె ముఖం చూసి ఫోన్ ‘ఈ మనిషి కాదు’ అంది.

“మా తోడికోడలి బదులు వచ్చినా. ఆమె చేన్లో శనక్కాయ పీకుతాండాది. రేపు నా చేన్లో పీకేటప్పుడు ఆమె ఈడికొస్తాది,” అందామె.

వెనక ఇంకో నలుగురిదీ అదే కథ. లోపల నీళ్ల ట్యాంకర్ వచ్చి నిలబడింది, కడిగేవాళ్లేమో గేటు బయట.

“ఈ బదుళ్ల సంగతి ఏఐకి చెప్పలేదా?” అన్నాను మేస్త్రీతో.

“హాజరు పుస్తకంలో నేనే సర్దుకుంటాంటి. అదేమన్నా అడిగినాదా?”

ఆడవాళ్లతో కూర్చుని ఎవరికి ఎవరు బదులొస్తారో, ఎప్పుడు తీరుస్తారో అడిగాను. సాయంత్రానికి ఆ ఏఐ చేతే అంతా రాయించాను. నిజానికి మూడు వారాలు ఇచ్చి ఉంటే నేనూ ఈ తప్పే చేసేవాణ్ణి.

“రాసింది అదే కదా, నువ్వేంటికి?” అన్నాడు మేస్త్రీ.

“అడిగింది నేను కదన్నా.”

వారానికోసారి వచ్చి అడుగుతానన్నాను. నెలకోసారి చాలన్నాడు. పదిహేను రోజులకు బేరం తెగింది.

మర్నాడు తోడికోడళ్లిద్దరిలో ఎవరొచ్చినా ఫోన్ ఒప్పుకుంటుందని చూపించాను. మొదటి ఆమె తలూపి, “రేపు ఆ ఫోనే నీ మాదిరి అడిగేది కూడా నేర్చుకుంటే ఏం చేస్తావప్పా?” అంది.

“మీతో పలకలు కడుగుతానక్కా.”

ఆమె నా పొట్ట వంక చూసింది. “అయితే నీ బదులు ఎవరొస్తారో ఇప్పుడే మాట్లాడుకో.”

వరుసంతా నవ్వింది. “నువ్వే రా,” అన్నాను.

“వస్తా. నా చేన్లో శనక్కాయ పీకుతావా?”

పుట్టి బుద్ధెరిగాక బేరమాడకుండా ఒప్పుకున్నది ఆ రోజే.