రచయిత గడిలో నాయనమ్మ పేరు

రాజోలిలో మా నాయనమ్మ మగ్గం పక్కన మూడు రోజులు కూర్చుని, నూలు చీరకు పట్టు అంచు ఎట్లా కలుపుతారో ఆమె చెప్పిందంతా రాసుకున్నాడు హైదరాబాద్ సారొకాయన. ఫోటో తీసుకున్నాడు. పుస్తకం వేస్తానన్నాడు. పదేళ్లు దాటినా మళ్లీ పత్తా లేడు. ఆయన పేరు కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను గద్వాలలో డిగ్రీ చదివేనాటికి నాయనమ్మ కళ్లకు మోతిబిందు పొర కమ్ముకుంటోంది. ఆపరేషన్ మాటెత్తితే లోపలికి పోయి తలుపేసుకునేది. "కండ్లు మొత్తం పోకముందే ఆ ఫోటో ఒక్కపారి సూపియ్యి బిడ్డా" అని ప్రతి ఆదివారం ఒకటే పోరు.

నెట్ సెంటర్‌కు పోయి, హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీ జాబితా తెరిచాను. రచయిత పేరుతో వెతికే గడి కనబడగానే నాయనమ్మ పేరు కొట్టాను. చెప్పిందంతా ఆమే కదా, ఇంకెవరి పేరుంటుంది? ఏమీ రాలేదు. పుస్తకం పేరు గడిలోనూ ఆమె పేరే కొట్టాను. అక్కడా లేదు. ఊరు, మగ్గం, అంచు, నాయనమ్మ అన్నీ కలిపి దరఖాస్తులాగా పొడుగాటి వాక్యం రాశాను. సున్నా. ఇంతలో కరెంటు పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"గట్ల ఖత్ రాసినట్టు రాస్తే దానికేం సమజైతది చెల్లె? జర ఒక్క ముక్క కొట్టు" అన్నాడు సెంటర్ నడిపే భాయ్.

మరుసటి వారం 'చేనేత' అని ఇంగ్లీషులో ఒక్కటే కొట్టాను. చూడలేనన్ని వచ్చాయి. దానికి గద్వాల తగిలిస్తే ఒక పేజీకి తగ్గాయి, కానీ ఏదీ మాది కాదు. నాలుగో వారం విసుగుతో ఒకదాన్ని తెరిస్తే, అడుగున దాని విషయం నీలం అక్షరాల్లో ఉంది. ఆ అక్షరాలను నొక్కితే అదే విషయం మీదున్న పుస్తకాలన్నీ బయటపడతాయని నాకెవరూ చెప్పలేదు. అది తెలియడానికి నాకు నాలుగు ఆదివారాల పోరు పట్టింది. వాటిలో, ఆయన మా ఇంటికొచ్చిన తర్వాతి ఏడాదే అచ్చయినది ఒకటి ఉంది. దాని పేరులో గద్వాలా లేదు, రాజోలీ లేదు. ఏ అరలో ఉంటుందో చెప్పే నంబరు రాసుకుని హైదరాబాద్ బస్సెక్కాను.

ఫోటో ఉంది. నాయనమ్మ మగ్గం గుంటలో కూర్చుని నవ్వుతోంది. కింద ఒక్క వరుస: 'రాజోలిలో ఒక నేత మహిళ'. ముందుమాటలో వెతికాను, చివరి పేజీల్లో వెతికాను. ఆమె పేరు ఎక్కడా లేదు. ఆ మూడు రోజులూ ఆయనకు అన్నం పెట్టింది ఆమే. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఆ పేజీ జిరాక్స్ తీయించి తెచ్చాను. నాయనమ్మ కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చాలాసేపు చూసింది. "నేనే" అన్నది. ఆమెకు చదువు రాదు. తన వేలు నా చేతికిచ్చి, "నా పేరు ఏడ రాసిండో జర సూపు" అన్నది.

ఆ వేలును తీసుకుపోయి ఫోటో కింది ఆ ఒక్క వరుస మీద పెట్టాను.