ఎర్ర అంచు పళ్ళెంలో పెరుగన్నం

దుబాయ్‌లో చాలా ఇళ్ళలో వండాను గానీ, వంటమనిషి పొయ్యి వెలిగించకూడని ఇల్లు అదొక్కటే చూశాను. కరోనా సద్దుమణిగాక చేరాను. యూదుల మతవిద్య చదివే కుర్రాళ్ళు పదిమంది ఉండే విల్లా అది. కింది హాల్లో చదువు, మిగతా బతుకంతా నా వంటగది చుట్టూ. హాలు గడప నేనెప్పుడూ దాటలేదు కాబట్టి వాళ్ళ చదువు గురించి నన్నడక్కండి. వాళ్ళ ఆకలి గురించి, మంచాల కింద దాక్కునే మేజోళ్ళ గురించి ఎంతైనా చెబుతాను.

భోజనాల బల్ల దగ్గర కూడా ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, బల్ల చరుస్తూ వాదించుకునేవారు. మొదటి వారం ఒక జంటను విడదీయబోయాను. ఇద్దరూ పకపకా నవ్వి, పాఠం వల్లె వేసుకుంటున్నామన్నారు. మా గోదావరి వైపు అలా వల్లె వేసుకుంటే పెద్దమనుషులు రావాల్సి వచ్చేది.

వంటగదిని కనిపెట్టుకుని ఒక గడ్డం పెద్దాయన ఉండేవారు. ఆయన్ను నేను ముదీర్ అనేదాన్ని, అరబ్బీలో మేనేజరని. మాంసానికి ఎర్ర అంచు పళ్ళాలు, పాలు, పెరుగు, వెన్నలకు నీలం అంచువి. రెండూ కలవకూడదు. సింకులు కూడా రెండు. పొయ్యి వాళ్ళలో ఒకరు వచ్చి వెలిగిస్తేనే నేను గరిటె పట్టాలి. ఆ పనికి ఎక్కువగా ఒక బక్కపలచని అబ్బాయి వచ్చేవాడు. వెలిగించి, మూత తీసి వాసన చూసి, ఒక బంగాళాదుంప ముక్క కాజేసి పోయేవాడు.

శనివారాల సంగతి వేరు. ఆ రోజు వాళ్ళు స్విచ్ ముట్టుకోరు, ముట్టమని ఇంకొకరికి చెప్పనూ చెప్పరు. ఒక శనివారం ఏసీ టైమర్ చెడిపోయింది. బక్కబ్బాయి వచ్చి గోడ వంక చూస్తూ, “ఇక్కడ చాలా ఉక్కగా ఉంది” అన్నాడు.

“దుబాయ్ కదా బాబూ, ఉక్కగానే ఉంటుంది” అని నా గిన్నెలు నేను సర్దుకున్నాను.

పాపం, సాయంత్రం దాకా పదిమందీ చెమటలో ఉడికిపోయారు. చీకటి పడ్డాక ముదీర్ విడమరిచి చెప్పారు. వాళ్ళు అడగరు, గోడకు చెబుతారు, నేను గ్రహించాలి. అంత చదువుకున్నవాళ్ళు గోడతో మాట్లాడతారని నాకెలా తెలుస్తుంది చెప్పండి! అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరు గోడ వంక చూసినా నా చెవులు నిక్కబొడుచుకునేవి.

మూడు నెలలు చూసి వీసా కాగితాల మీద సంతకం పెడతామన్నారు. ఆ గడువు ఒక ఆదివారంతో ముగుస్తుంది. దానికి ముందు గురువారం నేను కొంప ముంచాను. అందరూ తిన్నాక, నాకోసం వండుకున్న అన్నం పొగలు కక్కుతుండగానే పళ్ళెంలో పెట్టుకుని, పెరుగు వేసి కలిపాను. రెండో ముద్ద నోట్లో ఉండగా బక్కబ్బాయి మంచినీళ్ళకు వచ్చాడు. నా పళ్ళెం చూసి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేనూ కిందికి చూశాను. ఎర్ర అంచు!

క్షణంలో ముదీర్ వచ్చారు. అటూ ఇటూ చూసి, పొయ్యి మీది గిన్నెను తీసి గట్టు మీద పెట్టి వెళ్ళారు. కుర్రాళ్ళు భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిచేశారు. నా పెరుగన్నం మీద గంటసేపు వాదన! అన్నం చల్లనిదైతే పళ్ళెం కడుక్కుంటే చాలట. వేడిదైతే ఆ పళ్ళెం ఇక పనికిరాదట. నా ఉద్యోగం ఏమవుతుందో మాత్రం ఏ పుస్తకంలోనూ ఉన్నట్టు లేదు.

ఇంటర్నేషనల్ సిటీలో నా గదిలో ఉండే అక్కకు ఫోన్ చేశాను. ఆవిడ కోనసీమ మనిషి, నాకంటే ఎక్కువ ఇళ్ళు చూసింది.

“చద్దన్నం తిన్నానని చెప్పెయ్, ఖలాస్! వీసా పోతే ఏం చేస్తావే పిచ్చిమొద్దూ? నీ పొట్టలోకెళ్ళి చూస్తారా ఏంటి?”

ఫోన్ పెట్టేసరికి బక్కబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. పొయ్యి వెలిగించింది అతనే, పొగలు చూసిందీ అతనే. ఆ రోజు శనివారం కూడా కాదు. అయినా గోడ వంక తిరిగి, “పెరుగన్నం చల్లగా తింటేనే బాగుంటుందని విన్నాను” అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

నాకు ఏడుపొచ్చింది. నా కోసం ఆ పిల్లాడు తన నోటితో అబద్ధం ఆడకుండా, గోడతో ఆడిస్తున్నాడు. ఏ పళ్ళెంలో ఏది తింటున్నామన్నది వాళ్ళకు ప్రాణం. నేను అబద్ధమాడితే రేపు శుక్రవారం అదే పళ్ళెంలో వీళ్ళకు కోడికూర వడ్డించాలి. ఏ మొహంతో వడ్డిస్తాను?

ముదీర్ వచ్చి అడిగారు. “అన్నం వేడిదా, చల్లనిదా?”

“వేడిది సార్. చెయ్యి కాలింది” అన్నాను.

ఆయన పళ్ళెం కడిగి, కాగితంలో చుట్టి, నా సంచిలో పెట్టారు. ఇంటికి పొమ్మని చెప్పడం ఇంత మర్యాదగా ఉంటుందనుకోలేదు. బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని దిగేదాకా ఏడ్చాను. అక్క రాత్రంతా నన్ను తిట్టింది, తిడుతూనే అన్నం కలిపి పెట్టింది.

మర్నాడు పొద్దున్నే, ఎప్పటిలాగే పనికి రమ్మని ఫోన్ వచ్చింది. ఆదివారం కాగితాలు ముందు పెట్టి, సంతకం చేసి, ముదీర్ అన్నారు. “గురువారం గిన్నె తీసినప్పుడే నా వేళ్ళు కాలాయి. మీరేమంటారో చూద్దామని అడిగాను. ఇక నేను లేకపోయినా ఈ వంటగది మీదే.”

అప్పటిదాకా పొంగుకొచ్చిన సంతోషం కాస్తా ఒళ్ళుమంటగా మారింది. నేను ఏడ్చుకుంటూ బస్సెక్కితే, ఈయనకు ముందే తెలుసన్నమాట! మొహం మీద అనలేను కదా. కాగితాలు జాకెట్టులో భద్రంగా దోపుకుని, గోడ వైపు తిరిగాను.

“పరీక్షలు చదువుకునే పిల్లలకు పెట్టుకోవాలి గానీ, వంటమనిషికి పెడతారా ఎక్కడైనా?” అన్నాను.

గుమ్మం పక్కన బక్కబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. ముదీర్ కూడా గోడ వైపే తిరిగి, చాలాసేపు గడ్డం నిమురుకున్నారు.