నిన్న ఉన్న తావు

నా చేతులు ఊరికే ఉండవు. మంచం నెల రోజులు ఒకే గోడకు ఆనుకుని ఉంటే నాకు ఊపిరాడనట్టు ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిని అందరూ నడుం వాల్చే వేళకు నేను కొంగు నడుముకు దోపి, బీరువాను భుజంతో నెడుతూ ఉంటాను. కడపలో మేము అద్దెకున్నది రెండు గదులు, ఒక వంటిల్లు. నేలంతా నల్ల బండలే. వాటి మీద ఏది జరిపినా కీచుమని వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఎదురింటావిడ తన అరుగు మీద నుంచే అడిగేది, "ఈ పొద్దు ఏం జరుపుతాండావమ్మా?" అని.

మా ఆయనది మంగంపేట గనుల దగ్గర, లారీలు తూకం వేసే చోట పని. శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేవాడు, చొక్కా మడతల్లో బూడిదరంగు పొడితో. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసి, "ఏమే, ఇది మన ఇల్లేనా, పక్కింట్లోకి వచ్చినానా?" అనేవాడు. నేను పడే కష్టంలో సగం ఆ మాట కోసమే. మిగతా సగం ఎందుకంటే, ఆరు రోజులు ఒకరి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. ఎండాకాలం కడపలో పదకొండు గంటలకే వీధి ఖాళీ అవుతుంది. కిటికీలు మూసుకుని, ఫ్యాను కింద, కాలు కాలిన పిల్లిలా రెండు గదుల్లో తిరిగేదాన్ని. ఇల్లు మారితే కనీసం రోజు మారినట్టు ఉండేది.

దానికి పెద్ద ఖర్చేమీ ఉండదు, అది నా గొప్ప. ఫోన్లో వచ్చే చిట్కాలన్నీ చూసేదాన్ని గానీ, వాటిలో సగం డబ్బున్నవాళ్ళు పేదవాళ్ళకు చెప్పేవి. నా పద్ధతులు నావి. అంచు చిరగని పాత పట్టుచీర రెండు ముక్కలు చేస్తే రెండు కిటికీలకు తెరలు. సున్నంలో చిటికెడు నీలిమందు ఎక్కువ కలిపితే గోడకు ఎండలో చల్లదనం వస్తుంది. ఊరగాయ జాడీ మూత పగిలితే పారేయక్కర్లేదు, అందులో మనీప్లాంటు పెట్టొచ్చు. ఇవేవీ లేకపోయినా మంచాన్ని అడ్డం నుంచి నిలువుకు తిప్పితే చాలు, గది కొత్తదవుతుంది. వీధిలో నలుగురికి చెప్పాను, ఇద్దరు చేశారు కూడా.

పోయిన ఎండాకాలంలో మా అత్త మా దగ్గరికి వచ్చింది. ఆమెది ఆలూరు అవతల పల్లె. బతుకంతా చేలో పని చేసిన మనిషి. ఒక ట్రంకుపెట్టె, ఒక బొంత, చిన్న పసుపు డబ్బాతో దిగింది. మొదటి రోజే ఇల్లంతా గోడ పట్టుకుని తిరిగి చూసింది. గోడల నునుపు చూస్తోందనుకుని నేను లోలోపల మురిసిపోయాను.

ఆమెకు గడప మీద మహా భక్తి. పొద్దున లేస్తూనే వంగి గడపను ఈ చివర నుంచి ఆ చివరకు తడిమి, కళ్ళకద్దుకునేది. శుక్రవారం శుక్రవారం పసుపు ముద్ద చేసి, పాత పూత కడగకుండానే దాని మీదే మందంగా పూసేది. పల్లెలో ఎన్నేళ్ళు పూసిందో, ఆ చేయి వంటింటి గడపనూ స్నానాల గది గడపనూ కూడా వదల్లేదు. పసుపు ఎండి, పెచ్చులు లేచి, బండల మీద రాలేది. ఊడ్వాల్సింది నేను.

ఆమెతో నాకు పొసగనిది ఒక్కటే. "నిన్న బిందె ఈడుండె కదా, యాడ పెడితివి?" "చాప యాడికి పాయ?" "స్టూలు ఈడికెందుకొచ్చె?" పొద్దస్తమానం ఇదే పాట. కాళ్ళ పక్కనే ఉన్న బిందె ఎక్కడుందని అడిగితే ఎవరికి మండదు? కావాలనే సాధిస్తోందనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆమె అలా అన్నప్పుడల్లా ఇంకో రెండు వస్తువులు జరిపేదాన్ని. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఒక గురువారం బజారులో గడప స్టిక్కర్లు చూశాను. ముదురు కుంకుమ రంగు మీద తామరపూలు. తుడిస్తే పోదు, పెచ్చులు లేవవు. మూడు గడపలకూ తెచ్చాను. మరుసటి రోజు పొద్దున ఆమె ఎదురింటి అరుగు మీద కూర్చున్నప్పుడు అట్లకాడతో పసుపంతా గీకి, కడిగి, ఆరబెట్టి అంటించాను. ముందుగదిలో ఆమె మంచాన్ని కిటికీ వైపు నుంచి లోపలి గోడకు మార్చాను. మంచం ఉన్న చోట స్టూలు వేసి, మనీప్లాంటు జాడీ పెట్టాను. దూరంగా నిలబడి చూస్తే ఎంత బాగుందో. శనివారం మా ఆయన ఏమంటాడో ముందే ఊహించుకుని నవ్వుకున్నాను.

ఆమె తిరిగొచ్చి వీధి గడప దగ్గర వంగి తడిమింది. "ఏంది పాపా ఇది, నున్నగా ఉండాది."

"స్టిక్కరత్తా. ఇంగ నువ్వు ప్రతి శుక్రవారం నడుం వంచే పని లేదు."

ఆమె ఆ చివరిదాకా ఇంకోసారి తడిమి లోపలికి పోయింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ మధ్యాహ్నమే నేను వంటింట్లో ఉన్నాను. దభీమని చప్పుడు, జాడీ పగిలిన శబ్దం. పరుగెత్తుకొచ్చేసరికి ఆమె బండల మీద పక్కకు ఒరిగి ఉంది. చుట్టూ మన్ను, పెంకులు. మణికట్టు పట్టుకుని ఉంది గానీ మూలగడం లేదు. స్టూలుకు తగిలి పడిందని తెలుస్తూనే ఉంది. భయం వేసినప్పుడు నా నోటికి కోపమే ముందు వస్తుంది.

"చూసుకోవద్దా అత్తా?" అన్నాను.

"చూసుకున్నా పాపా," అంది నెమ్మదిగా. "నిన్న ఉన్న తావు చూసుకున్నా."

ఆ మాట తలకెక్కడానికి నాకు కొంచెం సేపు పట్టింది. నేను ఆమె ముందే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను, ఆమె చూపు నా భుజం మీదుగా పోతోంది. నేను నా చెయ్యి పక్కకు చాపితే ఆమె కన్ను కదల్లేదు. బిందెల గురించి, చాపల గురించి అడిగిన రోజులన్నీ గుర్తొచ్చాయి. గడపను తడిమిన చెయ్యి గుర్తొచ్చింది. భక్తి లేదని కాదు. కానీ ఆ పసుపు పచ్చదనమే ఆమెకు కింద మెట్టుందని చెప్పేది, ఆ గరుకే కాలికి ఆనవాలు. నేను దాన్ని అట్లకాడతో గీకేశాను.

ఆస్పత్రిలో మణికట్టుకు కట్టు కట్టారు. కళ్ళ డాక్టరు నీటికాసులు, అంటే గ్లాకోమా అని చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నది పోకుండా చుక్కలు వేయాలి. పక్కలూ కిందా కనపడవు, ఎదురుగా మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కొంత కనిపిస్తుంది, ముదురు రంగు పక్కన తెలుపో పసుపో ఉంటే పట్టుకోగలదు. "ఎప్పట్నుంచి?" అని అడిగాడు. రెండేళ్ళని ఆమె చెప్పింది. మాకు ఎందుకు చెప్పలేదని నేను అడిగితే, "చెప్తే కూచోబెడతారు," అంది.

ఇంటికి రాగానే ట్రంకుపెట్టె తెరిచింది. ఊర్లో చెల్లెలింటికి పోతానంది. "ఆడ మాత్రం ఏం ఉండాదని కాదు పాపా. ఆడ ఏదీ జరగదు. ఒంటికి పోవాలన్నా నా కాళ్ళకు తెలుసు. ఈడ ఒకరు చెయ్యి పట్టుకుంటే గానీ నేను లేయలేను." ఫోన్లో మా ఆయన ఒక్కటే అడిగాడు, "ఏం చేస్తివే నువ్వు?"

ఆమె వెళ్ళిపోతే నా వల్లే పోయినట్టు. ఉంటే, ఒకరి చెయ్యి పట్టుకుని బతికినట్టు. ఆమెకు రెండోది చావుతో సమానమని నాకు అర్థమైంది. వారం రోజులు ఆగమని బతిమాలాను. ఆ సాయంత్రమే మూడు స్టిక్కర్లూ గోళ్ళతో పీకాను, సగం ఊడొచ్చి సగం ఊడలేదు. పసుపు తెచ్చి ఆమె ముందు పెట్టాను. కట్టు లేని చేత్తో ఆమే పూసింది.

తర్వాత ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, "ఏది యాడుండాలో నువ్వే చెప్పత్తా," అన్నాను. మంచం లోపలి గోడకే ఉండనీ అంది, మిగతావి ఆమె చెప్పిన చోటికి జరిపాను. పల్లెలో అరుగుల అంచుకు ఎర్రమన్ను, దాని మీద సున్నపు పట్టీ ఎందుకు వేస్తారని అడిగితే నవ్వింది. "సోకు కోసమనుకుంటివా? కరెంటు లేనప్పుడు కాలు జారకుండా." సరేనని మంచం నుంచి స్నానాల గదికి, వంటింటికి నల్ల బండల మీద జానెడు వెడల్పున సున్నపు గీత వేశాను. రెండు తుడుపులకే లేచిపోయింది. ఇల్లు అలకగానే పండగ కాదని నాకు నేనే చెప్పుకుని, ఇంటి ఓనరు తలుపులకు వేయించగా మిగిలిన తెల్ల పెయింటు డబ్బా అడిగి తెచ్చి మళ్ళీ వేశాను. ఆమె దాని మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఒక్కతే పోయి వచ్చింది. ట్రంకుపెట్టెకు తాళం వేసి మంచం కిందికి తోసింది.

ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఏదీ కదల్లేదు. ఎనిమిది నెలలు. గొప్ప కోసం చెప్పడం లేదు, నాకు నరకంగా ఉంది. తెరలు మారుస్తాను, దిండు గలీబులకు కొత్త కుట్లు వేస్తాను, నేల తాకనివి ఏవుంటే అవి. చాలదు. కుర్చీ చేతిని పట్టుకుని, వదిలి, వెళ్ళిపోతాను. శనివారం మా ఆయన గుమ్మంలో నిలబడి ఏమీ అనకుండా చెప్పులు విడుస్తాడు. అత్త మీద ఒక్కోసారి కోపం వస్తుంది, వెంటనే నా మీద నాకు వస్తుంది.

మొన్న మధ్యాహ్నం అలాగే రెండు గదుల్లో తిరుగుతున్నాను. ఆమె మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"శానాసేపట్నుంచి తిరుగుతాండావు పాపా."

"ఏం లేదత్తా."

"ఈ మంచం కిటికీ కాడికి జరుపుదామా?"

"వద్దు," అన్నాను గట్టిగా.

"నువ్వొకదానివే జరిపితే నాకు తెల్దు. నేనూ పట్టుకుంటే యాడ పెట్టినామో నా చేతులకు తెలుస్తాది కదా." చేట పక్కన పెట్టి లేచింది. మంచం కోడు దగ్గరకు తడుముకుంటూ వచ్చి పట్టుకుంది. "పట్టు ఆ పక్క."

పట్టుకున్నాను. బండల మీద కీచుమని చప్పుడైంది. ఎదురింటావిడ అరుగు మీద నుంచి ఏదో అడిగింది. మంచం కిటికీ కిందికి చేరాక ఆమె అక్కడి నుంచి తెల్ల గీత దాకా నడిచింది. నాలుగు అడుగులు. వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది. రెండోసారి మోకాలు కోడుకు తగిలింది. నేను ముందుకు దూకబోతే చేత్తో ఆగమంది. మూడోసారి ఎక్కడా తగల్లేదు.

వచ్చి మంచం మీద కూర్చుని, పక్కన చోటు తట్టింది.

"అయిపాయ. ఇంగ నువ్వు కూచో పాపా."

కూర్చున్నాను.