ఆయన ఓడలో ఉండేవాళ్ళు

ఉదయం ఏడూ నలభైకి విశాఖ జెట్టీ మీద టీ తాగాను. ఎనిమిదికి ఓడ ఎక్కాను. భుజాన కిట్ బ్యాగు, చేతిలో బదిలీ కాగితం. చుక్కాని చక్రం పట్టడం నా పని. కాగితం కింద కెప్టెన్ పేరు రెండుసార్లు చదివాను. సుధాకర్.

మా ఇద్దరిదీ డోన్ దగ్గర ఒకే పల్లె. ఒకే బడి, ఒకే చర్చి. లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులు. పది కాగానే నేను నేవీలో నావికుడిగా చేరాను. అతను ఇంటర్ చదివి, పరీక్ష రాసి, ఆఫీసరయ్యాడు. పద్దెనిమిదేళ్ళ తర్వాత అతనికి సెల్యూట్ కొట్టాను. "బాగుండావా?" అన్నాడు. అంతే.

రేడియో ఆపరేటర్‌ది రాజంపేట. "కెప్టెన్ మీ ఊరోడే గదన్నా. ఒక మాట జెప్పి నాకు లీవు ఇప్పీరాదా?" అనేవాడు.

"నేను జెప్తే ఉండే లీవు గూడా పోతాది."

గస్తీ నలభై మూడు రోజులు. పదహారో రోజు అండమాన్‌లో ఇంధనం ఎక్కించుకున్నాం. నా భార్య మేరీకి ఫోన్ చేశాను.

"పాస్టరయ్య మీకోసం ప్రార్థన జేసినాడు. 'మా సుధాకర్ కెప్టెన్‌ను, ఆయన ఓడలో ఉండేవాళ్ళను కాపాడు ప్రభువా' అన్యాడు."

"నా పేరు?"

"ఆయన ఓడలో ఉండేవాళ్ళల్లో నువ్వు లేవా?"

ఫోన్ పెట్టేశాను. చర్చికి సున్నం కొట్టింది మా నాయన. అక్కడ నా పేరు వినబడాలి. నాకు కావలసింది అంతే.

పద్దెనిమిదో రోజు వాయుగుండం. ఉదయం నాలుగు నుంచి ఎనిమిది దాకా నా డ్యూటీ. ఓడ ఇరవై ఐదు డిగ్రీలు ఒరుగుతోంది. చక్రం పట్టినవాడు ఆర్డర్ విని, అదే మాట గట్టిగా తిరిగి చెప్పి, తిప్పాలి. అది నియమం. ఆరూ పదికి సుధాకర్, "పోర్ట్ టెన్" అన్నాడు. ఎడమకు పది డిగ్రీలు తిప్పమని. విన్నాను. నోరు తెరవలేదు. చక్రమూ తిప్పలేదు. రెండు సెకన్లు. అల పక్కనుంచి కొట్టింది. వంటగదిలో గిన్నెలన్నీ పడ్డాయి. అతను మళ్ళీ చెప్పాడు. అప్పుడు తిప్పాను.

డ్యూటీ దిగాక బయటికి పిలిచాడు.

"ఏమప్పా రత్నం, యాడుండాది మనసు?"

"ప్రార్థనలో నీ పేరే ఉంటాది. నాది ఉండదు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఇంగోసారి ఇట్ల జేస్తే చక్రం కాడినుంచి దించేస్తా. నూటిరవై మందిమి ఉండాము ఈడ," అన్నాడు. రిపోర్టు రాయలేదు. రాస్తే బాగుండేదనిపించింది. ద్వేషించడానికి ఒక కారణం ఉండేది.

గస్తీ ముగిశాక ఇద్దరం సెలవు మీద ఊరికి వచ్చాం. అతను ఏసీలో, నేను స్లీపర్‌లో. ఆదివారం చర్చిలో చాప మీద పక్కపక్కనే కూర్చున్నాం. పాస్టరయ్య కళ్ళు మూసుకుని, "చుక్కాని పట్టే మా ఏసురత్నాన్ని, ఆయన ఓడలో ఉండే సుధాకర్‌ను కాపాడినావు ప్రభువా" అన్నాడు. ముందు రోజు సుధాకర్ పాస్టరయ్య ఇంటికి వెళ్ళాడని మేరీ తర్వాత చెప్పింది.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచాను, అతని ముఖంలో కాస్తయినా బాధ కనిపిస్తుందేమోనని. అతని కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. దానికీ కుళ్ళుకున్నాను.

ఏళ్ళు గడిచాక అతను రియర్ అడ్మిరల్ అయ్యాడు. పేపర్లో ఫొటో వస్తే మేరీ కత్తిరించి దాచింది. నేను చూడలేదు. నిరుడు గుండెపోటుతో పోయాడు. నాకు గుర్తున్నది ఆ మూసిన కళ్ళ ముఖమే.

మా పల్లెవాళ్ళు ఇప్పుడెవరూ సముద్రం మీద లేరు. చర్చిలో ఓడవాళ్ళ కోసం ప్రార్థన చేయడం లేదు.